గులాబీ బొమ్మ ఉన్న పోస్టర్: ఈజిప్టులో నా ఫీల్డ్‌వర్క్ అనుభవం

2014 జూలై 18న నా పీహెచ్‌డీ వైవా అయింది. రంజాన్ నెల, ఉపవాసంతోనే రెండు గంటలు కూర్చున్నాను. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. 2011లో ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాక సలఫీలు (ఇస్లాం తొలి తరాలవాళ్ళ బాటనే అచ్చంగా పాటించాలనేవాళ్ళు) మొట్టమొదటిసారి పార్టీ పెట్టి ఓట్లడిగారు కదా, ఆ అల్ నూర్ పార్టీ మీద నా థీసిస్. మూడేళ్ళు పట్టింది. ఇలాంటి అంశం మీద బయటి దేశం వెళ్దామనుకునే జూనియర్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, "ఎలా వెళ్ళావక్కా, వాళ్ళు మాట్లాడారా, ఎంతయింది" అని అడుగుతూనే ఉన్నారు. అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు నా గురించి ఒక ముక్క. మాది గుంటూరు జిల్లా, దూదేకుల కుటుంబం. ఇంట్లో తెలుగే, ఉర్దూ నాకు సరిగ్గా రాదు, అరబ్బీ హైదరాబాదుకొచ్చాక ఎంఏలో నేర్చుకున్నదే. మా ఇంట్లో ప్రతి తరంలోనూ ఒక మస్తాన్ ఉంటాడు, అది గుంటూరు మస్తాన్ వలి దర్గాకి మా నానమ్మ వాళ్ళ మొక్కు. ఈ సంగతి ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది, తర్వాత అలెగ్జాండ్రియాలో నా గొంతులో ఇరుక్కున్నది ఇదే.

2011 జూలైలో మా గైడ్ గారు ఈ అంశం ఒప్పుకున్నారు. సార్ అన్నది ఒకటే, "ముప్పై ఏళ్ళు ఎన్నికల జోలికి వెళ్ళొద్దని పాఠాలు చెప్పినవాళ్ళు ఇప్పుడు ఓట్లడగబోతున్నారమ్మా, పుస్తకాలు వచ్చేదాకా ఆగకు, వెళ్ళి చూడు" అని. జూలై 22న వీసాకి కాగితాలిచ్చాను. పది రోజులన్నారు, వచ్చేసరికి ఆగస్టు 29 అయింది. 38 రోజులు. ఈలోపు 27 వేలున్న టికెట్ 34 వేలయింది. ఫెలోషిప్ నెలకు 16 వేలు, అది అయిదు నెలల బకాయి. అమ్మ తన గాజులు తాకట్టు పెట్టి 70 వేలు తెచ్చింది. నాన్నకు ఫిబ్రవరిలో టీవీలో చూసిన, కైరోలో జనం తిరగబడిన తహ్రీర్ చౌకే కళ్ళముందుంది, బస్సెక్కేదాకా నాతో మాట్లాడలేదు, బస్సు కదిలేటప్పుడు మాత్రం కిటికీలోంచి ఒక ప్లాస్టిక్ సంచి ఇచ్చారు, దాన్నిండా కారప్పొడి పొట్లాలు.

సెప్టెంబర్ 10న అలెగ్జాండ్రియాలో దిగాను. నేను నేర్చుకున్నది పుస్తకాల అరబ్బీ, అక్కడ ట్యాక్సీవాడు మాట్లాడేది వేరే భాషలా ఉంది. జ అన్నచోట గ అంటారు, హాజ్జాని హాగ్గా అంటారు, ఖాఫ్ (ق) అనాల్సినచోట అసలు అక్షరమే మింగేస్తారు. మొదటి వారం కూరగాయలు వేళ్ళతో చూపించి కొనుక్కున్నాను. కానీ నేను అస్సలు ఊహించనిది ఒకటుంది, సలఫీలు మాత్రం నాకు మొదటి రోజు నుంచే అర్థమయ్యారు. వాళ్ళు రోజూ గ్రంథాలు చదివేవాళ్ళు కాబట్టి మామూలు మాటల్లో కూడా గ్రాంథికం కలుస్తుంది. కూరగాయల అబ్బాయి కన్నా ముందు పార్టీవాళ్ళ మాట నాకు పట్టుబడింది.

సీదీ బిష్ర్‌లో ఒక హాగ్గా ఇంట్లో గది దొరికింది, నెలకు 800 పౌండ్లు. అప్పుడు పౌండంటే మనకి ఎనిమిది రూపాయల పైన. హజ్ చేసొచ్చిన పెద్దావిడ, భర్త లేడు, కొడుకు సౌదీలో. నేను ఇండియా అనగానే "అమితాబ్ బచ్చన్!" అని చెంపలు పట్టుకుంది. ఆ వీధికి కాస్త దూరంలోనే అల్ ఖిద్దీసీన్ చర్చి, 2011 జనవరి 1న అర్ధరాత్రి దాటాక బాంబు పేలి ఇరవై మందికి పైగా చనిపోయింది అక్కడే. ఆ కేసులో పోలీసులు పట్టుకెళ్ళిన సయ్యద్ బిలాల్ అనే సలఫీ యువకుడు చిత్రహింసలకి చనిపోయాడు. నేను వెళ్ళేనాటికి ఎనిమిది నెలలు దాటినా ఆ వీధిలో రెండు చావుల గురించీ గొంతు తగ్గించే మాట్లాడేవాళ్ళు.

ఉండటానికి ఒక భాషా కోర్సులో చేరాను, ఫీజు 2,400 పౌండ్లు, దాని కాగితం చూపిస్తే అప్పట్లో విద్యార్థి రెసిడెన్సీ ముద్ర వేసేవాళ్ళు. ముద్ర కోసం నాలుగుసార్లు తిరిగాను. ఫొటోలు ఆరు కావాలన్నారు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్. ఇక్కడి నుంచే ఇరవై తీసుకెళ్ళండి.

సెప్టెంబర్ 19న పార్టీ ఆఫీసుకి వెళ్ళాను. అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు, కొత్త సున్నం వాసన, ప్లాస్టిక్ కవర్లు విప్పని కుర్చీలు, గోడ మీద ఫానూస్ బొమ్మ (రంజాన్ లాంతరు, ఎన్నికల్లో వాళ్ళ గుర్తు కూడా అదే అయింది). ఇద్దరు మగవాళ్ళు ఉన్నారు. మర్యాదగా కూర్చోమన్నారు, టీ తెప్పించారు, కానీ నేను మాట్లాడినంతసేపూ నా వైపు కాకుండా టీ గ్లాసు వైపు చూస్తూ జవాబులిచ్చారు. అవమానంగా అనిపించింది, ఒప్పుకుంటాను. గైడ్ సంతకం, యూనివర్సిటీ ముద్ర ఉన్న లెటర్ తెస్తే మహిళా కమిటీకి పంపుతామన్నారు. ఎందుకంత పట్టుదల అంటే ఒకాయన "మేం నిన్నటిదాకా లిస్టుల్లో ఉన్నవాళ్ళం బిడ్డా, ఎవరు ఎందుకు రాసుకుంటున్నారో తెలియాలి" అన్నాడు. అమ్న్ అద్దవ్లా, అంటే ముబారక్ కాలం నాటి రాజ్య భద్రతా పోలీసుల లిస్టులు. ఆ మార్చిలోనే జనం వాళ్ళ ఆఫీసుల్లోకి చొరబడ్డారు, అది మొదలైంది అలెగ్జాండ్రియాలోనే, ఆ తర్వాత ఆ శాఖనే రద్దు చేశారు.

మరి లెటరో? సరిగ్గా అప్పుడే ఇక్కడ సెప్టెంబర్ 13 నుంచి సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, ఆఫీసుల్లో ముద్ర వేసే మనిషి లేడు. నా స్నేహితురాలు మూడుసార్లు వెళ్ళి తాళం చూసి వెనక్కొచ్చింది. చివరికి అక్టోబర్ 13న స్కాన్ కాపీ మెయిల్లో వచ్చింది. 24 రోజులు. ఈజిప్టు ఆఫీసులో నేను "మా దగ్గర రాష్ట్రం కోసం సమ్మె జరుగుతోంది" అని వివరిస్తే టీ గ్లాసు వైపు చూసే ఆయన మొదటిసారి తలెత్తి "ఎన్ని రోజులుగా? జీతాలొస్తాయా?" అని అడిగాడు.

ఆ ఖాళీ రోజుల్లో ట్రామెక్కి ఊరంతా తిరిగాను. ఒక గురువారం సాయంత్రం బహరీలో అబుల్ అబ్బాస్ మసీదుకి వెళ్ళాను, లోపల ఆ వలీ సమాధి ఉంది. ఆడవాళ్ళు కటకటాలు పట్టుకుని నుదురు ఆనించి గుసగుసగా ఏదో చెప్పుకుంటున్నారు. అచ్చం మా నానమ్మ. మస్తాన్ వలి దగ్గర ఆమె నిలబడే తీరు అదే, చేతివేళ్ళు ఆనించే తీరు కూడా అదే. నాకు ఇల్లు గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. పక్కనున్న ముసలావిడ ఏమీ అడగకుండా నా వీపు నిమిరింది. నేను థీసిస్ రాయబోయే మనుషుల దృష్టిలో ఇదంతా షిర్క్, దేవుడికి సాటి కల్పించడం. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్‌లలో నైలు డెల్టాలో ఇలాంటి కొన్ని సమాధుల్ని కూలగొట్టారు కూడా, మా పని కాదని సలఫీ పెద్దలన్నారు.

అక్టోబర్ 17న మహిళా కమిటీని కలిశాను. మసీదు కింది అంతస్తులో పొడవాటి హాలు, తలుపు మూయగానే నికాబులన్నీ తీసి కొక్కేలకు తగిలించారు, ఒక్కసారిగా నా చుట్టూ ముఖాలు. నాకు అందరికన్నా దగ్గరైనావిడ ఫార్మసిస్టు, అక్కడ మందుల షాపు వాళ్ళని కూడా దొక్తోరా అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని, ఆవిడ నన్ను ఉఖ్తీ, అంటే చెల్లీ అనేది. వయసు 34. పుట్టినప్పటి నుంచి ఒక్క ఓటూ వెయ్యలేదు. "మా షేక్‌లు వద్దన్నారు, ఈ రాజకీయం చెయ్యాలంటే నమ్మకాలు వదులుకోవాలి అన్నారు, మేం విన్నాం. వేసినా లెక్కపెట్టేది వాళ్ళే కదా" అంది. ముబారక్‌ని దించిన జనవరి 25 ఉద్యమంలో కూడా వీళ్ళ దావా (అంటే మత ప్రచారం) సంస్థ, ఈ పార్టీకి వెనకున్నది అదే, అధికారికంగా దిగలేదు. అలాంటి ఆవిడ మార్చి 19న రాజ్యాంగ సవరణల రెఫరెండంలో మొదటి ఓటు వేసింది. ఆకుపచ్చ వృత్తం అవును, నల్ల వృత్తం కాదు. "చెయ్యి వణికింది ఉఖ్తీ, పెళ్ళి కాగితం మీద సంతకం పెట్టినప్పుడు కూడా అంత వణకలేదు" అంది.

పార్టీ ఎలా పుడుతుందో నాకు చెప్పింది ఆవిడే. కొత్త చట్టం ప్రకారం పది గవర్నరేట్ల (మన జిల్లాల్లాంటివి) నుంచి అయిదువేల మంది సంతకాలు కావాలి, ఒక్కో గవర్నరేట్‌లో మూడు వందలకి తగ్గకుండా. ఊరికే సంతకం చాలదు, ప్రతి ఒక్కరూ షహర్ అకారీకి, అంటే మన రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిదానికి, వెళ్ళి తవ్కీల్, అంటే అధికార పత్రం, రాయించుకోవాలి. ఆ తర్వాత ఆ పేర్లన్నీ రెండు దినపత్రికల్లో ప్రకటనగా వేయించాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆవిడ పొద్దున్నే ఆడవాళ్ళని మైక్రోబస్సులో ఎక్కించుకుని ఆ క్యూల్లో నిలబెట్టేది. కొందరు మధ్యలో ఇంటికెళ్ళిపోయారు, పేపర్లో మొగుడి పేరుతో పాటు తమ పేరు పడుతుందని తెలిసి. ఇన్నేళ్ళూ పేరు దాచుకుని బతికినవాళ్ళు పేపర్లో పేరు వేసుకోవాలి, ఇది చిన్న విషయం కాదు. జూన్‌లో పార్టీకి అనుమతి వచ్చింది. మతం ఆధారంగా పార్టీ పెట్టకూడదని అదే చట్టంలో ఉంది, వీళ్ళు కాగితాల మీద షరియా సూత్రాలు రాజ్యాంగం రెండో అధికరణంలో ముందే ఉన్నాయి కదా అని రాసి దాటేశారు.

రెండో కలయికలోనే దొక్తోరా అడిగింది, "మీ ఇండియాలో ముస్లింలు సమాధుల దగ్గరికి ఎక్కువ వెళ్తారట, మీ ఇంట్లో కూడానా?" నేను లేదన్నాను. ఎంత సులువుగా అనేశానో. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తలుపు మూసుకుపోతుందేమో అన్న భయంతో నానమ్మని దాచేశాను.

నవంబర్ 6న బక్రీద్. పార్టీ తరఫున మాంసం పొట్లాలు కట్టడంలో నేనూ కూర్చున్నాను, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. (అలెగ్జాండ్రియాలో చలికాలం ఉండదని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, ఇళ్ళల్లో హీటర్లుండవు, సముద్రపు గాలి ఎముకల్లోకి పోతుంది. 180 పౌండ్లు పెట్టి పాత కోటు కొన్నాను.) పొట్లం ఇచ్చేటప్పుడు పేరు రాసుకునేవాళ్ళు, ఓటు మాట ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తాల్సిన అవసరమే లేదు, సంచి మీద ఫానూస్ ఉంది. తర్వాత గ్యాస్ కూడా ఇలాగే. ఆ చలికాలం సిలిండర్లు దొరకలేదు, అసలు ధర అయిదారు పౌండ్లైతే మా హాగ్గా బ్లాకులో 30కి కొంది, పార్టీ వాళ్ళు లారీ తెప్పించి అసలు ధరకే ఇచ్చారు. దీన్ని లంచం అని కొట్టిపారేసే వ్యాసాలు చాలా చదివాను. ఈ పంపిణీ పార్టీ కన్నా చాలా పాతది, ఇరవై ఏళ్ళుగా అదే మసీదుల నుంచి అవే చేతులు చేస్తున్న పని. కొత్తగా వచ్చింది సంచి మీద గుర్తు మాత్రమే, కానీ ఆ గుర్తు వచ్చాక పుచ్చుకునే మనిషి కళ్ళల్లో ఏదో మారింది, అది కూడా నేను చూశాను. అంతకుముందు దువా చేసి వెళ్ళేవాళ్ళట, ఇప్పుడు "వచ్చే వారం కూడా ఇస్తారా" అని అడుగుతున్నారు.

పోస్టర్ సంగతి. పార్టీలు పెట్టే ప్రతి అభ్యర్థుల లిస్టులో (ఓట్లను బట్టి పై పేరు నుంచి వరసగా సీట్లు దక్కుతాయి) కనీసం ఒక మహిళ ఉండాలని అప్పటి ఎన్నికల చట్టం. నూర్ వాళ్ళు పెట్టారు, చిట్టచివర. మా వీధి మూల గోడ మీద ఒక పొద్దున కొత్త పోస్టర్ కనిపించింది. వరసగా గడ్డాలున్న ముఖాలు, చివరి గడిలో ఎర్ర గులాబీ, దాని కింద ఆవిడ పేరు. నేను అక్కడే నిలబడిపోయాను. జిగురు ఇంకా తడిగా ఉంది, గులాబీ రేకు మీదుగా ఒక చుక్క కారి పేరులో మొదటి అక్షరం కొద్దిగా అలికింది. కోపం వచ్చింది. నేరుగా హాలుకెళ్ళి దొక్తోరాని అడిగేశాను, మనిషిని నిలబెట్టి ముఖం తీసేస్తే ఎలా అని. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు లేని ముఖం కనిపిస్తోంది, నాకు ఉన్న పేరు కనిపిస్తోంది. ఆవిడ పేరు గోడ మీద చూసి మా నాన్న లేచి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకున్నాడు, తెలుసా" అంది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను, గెలిచే చోట పెట్టకుండా పేరొక్కటే గోడకెక్కించడం నాకు అన్యాయంగానే తోస్తుంది. కానీ ఆవిడ మాట థీసిస్‌లో ఉన్నదున్నట్టు పెట్టాను.

నవంబర్ 19న కైరోలో మొహమ్మద్ మహమూద్ వీధిలో కాల్పులు మొదలయ్యాయి. వారంలో నలభై మందికి పైగా పోయారు. అలెగ్జాండ్రియాలో కూడా గొడవలు, బాల్కనీలోకి బాష్పవాయువు ఘాటు వచ్చేది, హాగ్గా ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టేది. నాన్న రోజుకు మూడుసార్లు ఫోన్. యూనివర్సిటీ నుంచి "మీ బాధ్యత మీదే" అని మెయిల్. రెండు రోజులు సూట్‌కేస్ సర్దుకుని కూర్చున్నాను. ఆ వారం నేను చూసిన అసలు గొడవ మాత్రం హాలు బయట, పార్టీ కుర్రాళ్ళ మధ్య జరిగింది. పార్టీ ఆ నిరసనల్లోకి దిగలేదు, ఎన్నికలు ఆగిపోకూడదని. "సయ్యద్ బిలాల్‌ని చంపిన పోలీసులే అక్కడ కాలుస్తుంటే మనం ఓటరు స్లిప్పులు రాసుకుంటున్నాం" అని ఒక కుర్రాడు గోడకి కొట్టుకున్నంత పని చేశాడు. అతన్ని సముదాయించినాయన దగ్గర కూడా సరైన జవాబు లేదు, "ఇంకో తొమ్మిది రోజులు ఆగు" అని మాత్రం అన్నాడు.

నవంబర్ 28, 29 తేదీల్లో పోలింగ్. అక్రెడిటేషన్ లేదు కాబట్టి లోపలికి వెళ్ళలేదు, పొద్దున ఏడున్నర నుంచి స్కూలు గేటు బయట ఆడవాళ్ళ క్యూ పక్కనే ఉన్నాను. గొడుగులు, మడత కుర్చీలు, పిల్లలు. గేటుకి కాస్త దూరంలో టేబుళ్ళ మీద లాప్‌టాప్‌లు, ఒకటి ఇఖ్వాన్ వాళ్ళది (ముస్లిం బ్రదర్‌హుడ్ అనే పాత మత రాజకీయ సంస్థని అక్కడ అలాగే అంటారు), ఇంకోటి నూర్ వాళ్ళది. ఐడీ నంబర్ చెప్తే ఏ గదో చూసి స్లిప్ రాసిస్తారు, స్లిప్ వెనక వాళ్ళ గుర్తు. ప్రచారం ఆపాల్సిన రోజది, అయినా అందరూ చేస్తున్నారు. మా హాగ్గాకి 61 ఏళ్ళు, మొదటి ఓటు. మూడు గంటలు నిలబడింది. ఒక్కో మనిషి లిస్టుకో టిక్కు, విడిగా ఇద్దరు అభ్యర్థులకి టిక్కులు పెట్టాలి, అక్షరం రానివాళ్ళకి గుర్తులే దిక్కు. బయటికొచ్చి సిరా వేలు నా ముక్కు ముందు పెట్టి ఊపింది. "ఎవరికి వేశావ్ హాగ్గా?" అంటే "తరాజుకి" అంది, అంటే ఇఖ్వాన్‌కి. "లాంతరు వాళ్ళు మంచివాళ్ళే, గ్యాస్ ఇచ్చారు, కానీ సీదీ అబుల్ అబ్బాస్‌ని ఏం చేస్తారో అని భయం" అంది. ఈ ఒక్క వాక్యం వినడానికి నేను అంత దూరం వెళ్ళాననిపించింది.

మొదటి విడతలో లిస్టు ఓట్లలో నూర్ కూటమికి 24 శాతం పైన వచ్చింది, ఇఖ్వాన్ తర్వాత రెండో స్థానం. అంత వస్తుందని హాల్లో ఎవరూ అనుకోలేదు. కానీ డిసెంబర్ 5, 6 రనాఫ్‌లో, అంటే ముందున్నవాళ్ళ మధ్య మళ్ళీ జరిగే పోటీలో, అలెగ్జాండ్రియాలోని మోంతజా సీటులో దావా ప్రతినిధి అబ్దుల్ మొనీమ్ అల్ షహాత్ ఓడిపోయాడు, ఇఖ్వాన్ మద్దతున్న అభ్యర్థి చేతిలో. ప్రజాస్వామ్యం మీదా, దేశమంతా గర్వపడే ఒక నవలాకారుడి మీదా ఆయన అన్న మాటలు టీవీల్లో తిరిగాయి, ఉదారవాదులు, క్రైస్తవులు కూడా వచ్చి అవతలివైపు ఓటేశారు. ఆ రాత్రి హాలులో నిశ్శబ్దం. ఒకావిడ ఏడుస్తోంది. దొక్తోరా నేల మీద కూర్చుని లెక్క చూస్తూ, "ఆయన పాఠానికి జనం మసీదు పట్టక రోడ్డు మీద చాపలు వేసుకుని కూర్చునేవాళ్ళు. ఈ ఓట్లలో వాళ్ళు ఎక్కడున్నారు?" అంది. ఎవరూ మాట్లాడలేదు. మళ్ళీ తనే, "పాఠానికి వచ్చేవాడు ప్రశ్న అడగడానికి వస్తాడు. ఇక్కడ ప్రశ్న అడగాల్సింది మనం, మన మగాళ్ళకి అడగడం రాదు" అంది. నా థీసిస్ మొత్తం ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. షేక్ దగ్గరికి జనం ఫత్వా కోసం వస్తారు, పార్టీ మనిషి జనం గుమ్మం దగ్గరికి వెళ్ళాలి. ఒకే మనిషి రెండూ చెయ్యలేక ఎలా నలిగిపోతాడో నేను దగ్గర్నుంచి చూశాను.

జనవరి 23న కొత్త పార్లమెంటు మొదలైంది, హాలులో టీవీ పెట్టారు. కొందరు సలఫీ సభ్యులు ప్రమాణానికి చివర "దైవశాసనానికి విరుద్ధం కానంతవరకు" అని కలిపి చదివారు. ఆడవాళ్ళు సగం మంది చప్పట్లు, సగం మంది "ఉన్నది చదవొచ్చు కదా" అని విసుగు. 498 ఎన్నికైన సీట్లలో నాలుగో వంతు వీళ్ళ కూటమిది. గులాబీ ఆవిడ గెలవలేదు, చివరి పేరు కదా.

బయల్దేరే ముందు రోజు దొక్తోరా ఇంటికి భోజనానికి పిలిచింది. అన్నం, చేప, తాహీనా. తిన్నాక చెప్పేశాను, మా ఇంట్లో దర్గాకి వెళ్తారని, నానమ్మ గురించి, మస్తాన్ పేర్ల గురించి, ఆ రోజు అబద్ధం చెప్పానని. ఆవిడ ముఖంలో రంగు మారింది. "అది తప్పు పని, నేను తప్పనే అంటాను" అంది. కాసేపాగి, "నువ్వు చెప్పినా నేను అన్నం పెట్టేదాన్నే, నువ్వు నన్ను అంత తక్కువ అనుకున్నావా" అంది. ఈ రెండో మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. ఆవిడ మీద రాయడానికి వెళ్ళి, ఆవిడేం చేస్తుందో నేనే ముందు నిర్ణయించేసుకున్నాను.

జనవరి 31న ఇంటికి చేరాను. మర్నాడే పోర్ట్ సయీద్ స్టేడియంలో డెబ్బై మందికి పైగా చనిపోయిన వార్త. నాన్న టీవీ ముందు నా చెయ్యి వదల్లేదు.

ఖర్చులు అడుగుతారు కాబట్టి: అన్నీ కలిపి రెండు లక్షల పదివేలు. నేను లెక్కలో పెట్టుకోనిది ట్రాన్‌స్క్రిప్షన్, అలెగ్జాండ్రియా యాసలో ఉన్న రికార్డింగులు రాసిపెట్టడానికి ఒక విద్యార్థినికి మూడువేల పౌండ్లిచ్చాను, ఆ అమ్మాయి లేకపోతే ఆ క్యాసెట్లన్నీ నాకు సముద్రపు హోరే. ఫెలోషిప్ బకాయి ఏడు నెలలకి వచ్చింది, గాజులు ఇంకో ఏడాదికి విడిపించాం.

రాయడం మొదలుపెట్టాక ఇంకో కష్టం, అంశం కాళ్ళ కింద నేలలా కదిలిపోతూనే ఉంది. 2012 జూన్ 14న కోర్టు ఆ ఎన్నికల చట్టమే చెల్లదంది, పార్లమెంటు రద్దు, నా నాలుగో అధ్యాయం మళ్ళీ మొదటికొచ్చింది. ఆ ఏడాది చివర పార్టీ చీలింది. పార్టీని షేక్‌ల చేతుల్లోంచి విడిగా నడపాలన్న అధ్యక్షుడు ఇమాద్ అబ్దుల్ గఫూర్ బయటికొచ్చి అల్ వతన్ పెట్టాడు, దావా పెద్ద షేక్ యాసిర్ బుర్హామీ వాళ్ళ వైపు నూర్ మిగిలింది. దొక్తోరా వతన్‌తో వెళ్ళింది. 2013 జూలై 3న, ఇఖ్వాన్ తరఫున గెలిచిన అధ్యక్షుడు మోర్సీని సైన్యం దించినట్టు సైన్యాధిపతి సీసీ ప్రకటిస్తుంటే ఆ వరసలో నూర్ కార్యదర్శి గలాల్ ముర్రా కూర్చుని ఉన్నాడు. అది టీవీలో చూసి నేను లేచి నిలబడిపోయాను. రాత్రి స్కైప్‌లో దొక్తోరా కనిపించింది, మాట్లాడలేదు, కెమెరా ముందు అలా కూర్చుంది, అంతే. ఆగస్టు 14న కైరోలో మోర్సీ మద్దతుదారులు బైఠాయించిన రబా చౌక్‌లో కాల్పులకి వందల మంది పోయిన రోజు ఆవిడ చెల్లెలి భర్త అక్కడే ఉన్నాడు. బతికొచ్చాడు. సెప్టెంబర్లో వచ్చిన చివరి మెయిల్లో మూడే వాక్యాలు, ఇంట్లో పార్టీ కాగితాలన్నీ కాల్చేశామని, తవ్కీల్ కాపీలు కూడా అని, నా దగ్గరున్నవి జాగ్రత్త చెయ్యమని. 2014 జనవరిలో కొత్త రాజ్యాంగానికి అవును అని ఓటేయమంది నూర్ పార్టీ, 2012లో తాము పట్టుబట్టి పెట్టించుకున్న, షరియా సూత్రాలంటే ఏమిటో వివరించే 219వ అధికరణం అందులో లేకపోయినా.

వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అడిగింది ఇదే, "వాళ్ళు నిజంగా మారారా, నటించారా?" రెండేళ్ళు నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని వేలాడాను. వాళ్ళు అని ఒకటి లేదండీ అన్నాను. టీ గ్లాసు వైపు చూసే ఆయన పార్టీలోనే ఉన్నాడు. గోడకి కొట్టుకోబోయిన కుర్రాడు ఇప్పుడు ఏ పార్టీ వైపూ చూడట్లేదు, రాజకీయం ఎప్పుడూ హరామే అని మళ్ళీ పాత మాటకే వెళ్ళిపోయాడు. దొక్తోరా నమ్మకాల్లో ఒక్కటీ మారలేదు, కానీ ఇంకెవరో చెప్పారని ఓటేయడం ఆవిడ వల్ల కాదు. ఇది విని ఆయన తలాడించారు గానీ ఒప్పుకున్నట్టు అనిపించలేదు, పుటల నంబర్లలో రెండు తప్పులు దిద్దమన్నారు.

రంజాన్ పండక్కి ఊరెళ్ళాను. బట్టల పెట్టెలో అట్టపెట్టి చుట్టి ఉంచిన పోస్టర్ తీసి మంచం మీద పరిచాను, వచ్చేముందు హాలు గోడ మీద నుంచి అడిగి తెచ్చుకున్నది. నానమ్మ వంగి చూసింది. "గులాబీ గుర్తా? మన కేసీఆర్ వాళ్ళలాగా?" అంది. గుర్తు కాదు నానమ్మా, అక్కడ ఒక మనిషి ఉండాలి అన్నాను. నానమ్మ గులాబీ మీద వేలు ఆనించి, "కింద ఏం రాసుంది" అని అడిగింది. ఆవిడ పేరు చదివాను. ఆ పేరు నానమ్మ రెండుసార్లు పలికి చూసుకుంది. "మన చెరువుగట్టు వీధిలో కూడా ఉందే ఈ పేరు, మీ తాతకి వరసకి చెల్లెలు" అంది.